సిరొంచ దాటాక శంకర్‌పట్

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన ఎక్కేసరికి పొద్దు బారెడెక్కింది. జనవరి చివరి వారం, చలి ఇంకా పూర్తిగా విడవలేదు. వంతెన కింద సగానికి పైగా ఇసుకే. దిగువన మేడిగడ్డ బరాజ్ పియర్లు 2023 అక్టోబరులో కుంగాక గేట్లెత్తి ఉంచారు, అందుకని ఇక్కడిదాకా నిలవాల్సిన నీరు నిలవడం లేదు. ఇసుక మధ్య పాయలు కనిపిస్తాయి. పడమటి నుంచి గోదావరి, ఉత్తరం నుంచి ప్రాణహిత. పేరు గోదావరిదే అయినా ఈ సంగమం దగ్గర ఎక్కువ నీళ్లు తెచ్చేది ప్రాణహితే. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగలు మోసుకొచ్చిన విదర్భ నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి. మేం పోవాల్సింది ఆ నీళ్లకు ఎదురుగా, వైన్‌గంగ గట్టు దాకా.

మాది పల్నాడు. ఎడ్ల పందెమంటే మాకు బండలాగుడే. సంక్రాంతి మొదలు శివరాత్రి తిరునాళ్ల దాకా ఏదో ఒక ఊళ్లో బండ కదులుతూనే ఉంటుంది. విదర్భలో నడిచేది వేరు. అక్కడ తేలికపాటి బండ్లు కట్టి రెండు జతల్ని పక్కపక్కన పరుగు పెట్టిస్తారు. దాన్ని శంకర్‌పట్ అంటారు. సుప్రీంకోర్టు 2014 మే 7న నాగరాజ కేసులో జల్లికట్టుతో పాటు మహారాష్ట్ర బండ్ల పందేల్నీ ఆపేసింది. 2021 డిసెంబరు 16న షరతులతో మళ్లీ అనుమతించింది. ఆ ఏడేళ్లలో పందెం ఉండాలా వద్దా అని బోలెడు చర్చ జరిగింది. నా మనసులో ఉన్న ప్రశ్న వేరు. పందెం ఉన్నప్పుడు, పగ్గాలు పట్టినవాడు నిర్లక్ష్యంగా తోలితే అడిగేదెవరు? ఎట్లా అడుగుతారు? అది చూడాలని బయల్దేరాను. వెంట హన్మకొండ మిత్రుడొకాయన ఉన్నాడు. పశువైద్యశాఖలో పనిచేసి రిటైరైన మనిషి, మరాఠీ బాగా వచ్చు.

సిరొంచలో బోర్డులు మరాఠీ, బేరాలు తెలుగు. కిరాణా కొట్టు పేరు దేవనాగరిలో ఉంటుంది, లోపల కూచున్న ఆవిడ "ఏం గావాలె సారూ?" అంటుంది. బడి పిల్లలు మాస్టారితో మరాఠీ, అమ్మతో తెలుగు, ఆటలో రెండూ మాట్లాడుకుంటున్నారు. ఈ కలగలుపు నిన్నమొన్నటిది కాదు. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వాళ్లకు అప్పగించాక, సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. గోదావరిలో పడవలు నడిపి లోపలి పత్తిని కోస్తాకు దించాలన్నది ఆనాటి ఆశ. నదిలోని రాతి అడ్డంకులు దాన్ని సాగనివ్వలేదు. 1874లో జిల్లానే రద్దు చేసి, భద్రాచలం వైపు మద్రాసు ప్రెసిడెన్సీకి, సిరొంచను చాందాకు కలిపారు. ఆ చాందాయే ఇప్పటి చంద్రపూర్, అందులోంచి 1982లో గడ్చిరోలి జిల్లా విడివడింది. పటం మీద గీతలు ఇన్నిసార్లు మారినా ఇళ్లలో మాట మారలేదు.

మధ్యాహ్నం ఓ ఇంటి వసారాలో నడిచే మెస్సులో తిన్నాం. జొన్నరొట్టె, పుంటికూర, ప్రాణహిత చేపల పులుసు. పులుసులో చింతపండు తక్కువ, కారం ఎక్కువ. ఆ కారం మా గుంటూరు కారంతో సమానంగా నాలుక మీద నిలిచింది. ఎందుకన్నది ఊరి బయటికొచ్చాక తెలిసింది. నది ఒండ్రు నేలల్లో మిరప తోటలు, కల్లాల్లో పరిచిన పండుకాయ. ఒక కల్లం దగ్గర మనిషి మా యాస విని పరుగున వచ్చాడు. సత్తెనపల్లి దగ్గరివాడట, ఇక్కడ కౌలుకు మిరప వేస్తున్నాడు. "నీళ్లు తాగి పోండి బాబాయ్" అని కుండలో నీళ్లు ముంచిచ్చి, "ఇక్కడోళ్లు మంచోళ్లండీ, ఇచ్చిన మాటకు నిలబడతారు" అన్నాడు. మేం అడగకుండానే చెప్పిన మాట అది.

ఆ సాయంత్రం ఒక పెద్దాయనతో కూచున్నాం. నది గట్టున ఆయన ఇల్లు. ఇంటి పక్కన చూరు కింద పాత కచ్చురం బండి ఒకటి ఉంది, చక్రాలు తీసేసి మొద్దుల మీద నిలబెట్టారు. ఆయన చిన్నప్పుడు మేడారం జాతరకు దానిమీదే పోయారట. ఎండాకాలం ముందర నీళ్లు తగ్గాక గోదావరి ఇసుకలో దిగి, బండి వెనక బండి, ఒక్కొక్క ఊరు ఒక్కొక్క వరసగా. "ముందు బండిని దాటుడుండదు సారూ. దాటిండంటే ఆనికి ఆ రాత్రి బువ్వ లేదు. ఎడ్లు బెదిరినయంటే ఇసుకల బండి బోర్ల పడ్తది, ఆడోళ్లు పిల్లలు ఉంటరు" అన్నాడు. వరసకు ముందుండే మనిషిని ఊరే ఎంచుకునేదట. వయసు చూసి కాదు, చెయ్యి చూసి.

"మరి పందేలు, పెద్దయ్యా?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "పందెం గిక్కడ తక్కువ. మాది ఎడ్లను మొక్కుడు. పొలాల అమాస నాడు కడిగి, కొమ్ములకు రంగులేసి, పోలేలు పెట్టి మొక్కుతం. పట్ చూడాల్నంటె మీరు పైకి పోవాలె, ఆర్మోరి, వడ్సా దిక్కు." ఈ పండుగ ప్రాణహిత అవతల ఆదిలాబాద్ వైపూ ఉంది. శ్రావణ అమావాస్య నాడు, వానాకాలం పనుల మధ్యలో, ఎడ్లకు సెలవు. మా పల్నాడులో ఎద్దుకు పూజ సంక్రాంతి కనుమకు. రెండు చోట్లా ఆ రోజు ఎద్దు మీద కర్ర ఎత్తరు. ఏడాదికి ఒక్కరోజు పాటించే ఆ నియమం, పందెం రోజు కూడా పాటించాల్సి వస్తే ఎట్లా ఉంటుందో రెండు రోజుల తర్వాత చూశాను.

సిరొంచ నుంచి ఆలాపల్లి దాకా వంద కిలోమీటర్ల దారి, దాదాపు అంతా అడవే. టేకు ఆకులు రాలడం మొదలై, చెట్ల మధ్య దూరం దాకా కళ్లు పోతున్నాయి. జిమలగట్టలో టీ తాగాం. జిమలగట్టలో టీ తాగాం. ఇక్కడి నుంచి గోండు, మాడియా ఊళ్లు. రోడ్డు పక్కన నడిచే మనుషులు బండి శబ్దం వినగానే దారి దిగి నిలబడతారు. మనం దాటిపోయాకే మళ్లీ ఎక్కుతారు. చెయ్యి ఎత్తి పలకరిస్తే ఒక క్షణం ఆగి చెయ్యెత్తుతారు. ఆ ఒదుగుడు మర్యాదా, భయమా అని మనసులో మెదిలింది. ఆలాపల్లి చేరాక జవాబు దొరికింది. సుర్జాగఢ్ కొండల ఇనుప ఖనిజం మోసే లారీలు వరసగా వస్తున్నాయి. రోడ్డు అంచు చెట్ల ఆకులన్నీ ఎర్రదుమ్ముతో బరువెక్కాయి. ఈ దారిలో ప్రమాదాల మీద జనం ఎన్నిసార్లో రోడ్డెక్కారు. చక్రం తిప్పేవాడి చెయ్యి కొంచెం అటూఇటూ అయితే ఏమవుతుందో ఈ ఊళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆష్టీ దగ్గర అడవి వెనక్కు తగ్గింది. అక్కడికి దగ్గర్లోనే, చప్రాళా అడవి పక్కన, వైన్‌గంగ వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. చామోర్షిలో పొద్దున్నే తర్రీ పోహా పెట్టారు. అటుకుల ఉప్మా మీద శనగల ఎర్ర పులుసు పోసి, పైన పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క. నాకు అది ఉప్మా లాగా అనిపించలేదు, పొద్దున్నే తినే పులుసన్నం లాగా ఉంది. రెండో ప్లేటుకు డబ్బులు తీసుకోవడానికి కొట్టాయన ఒప్పుకోలేదు. తెలంగాణ బండి నంబరు చూసి "పాహుణే" అన్నాడు, చుట్టాలు అని. మార్కండాలో వైన్‌గంగ ఉత్తరానికి తిరిగి పారే చోట ఉన్న శివాలయాల గుంపు చూశాం. గోడల మీద శిల్పాలు ఎంత దట్టంగా ఉన్నాయంటే రాయి కనపడదు. శివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర. మేం వెళ్లినప్పుడు నదిలో బట్టలుతికేవాళ్లు తప్ప ఎవరూ లేరు.

గడ్చిరోలి దాటాక భూమి పూర్తిగా మారిపోయింది. వరి కోసిన మళ్లు, మళ్ల మధ్య చెట్లు, ప్రతి ఊరికీ ఒక చెరువు. ఈ తూర్పు విదర్భను ఝాడీపట్టీ అంటారు. చెరువుల్ని పాత మాల్‌గుజారీ కాలంలో కట్టారు. కట్ట మీద నిలబడి ఆయకట్టు చూస్తుంటే కాకతీయుల చెరువుల కింద ఉన్నామనే అనిపించింది. నా మిత్రుడు వెంటనే, "మన దగ్గర తూము దగ్గర నీరటికాడు ఉంటడు, ఇక్కడ ఎవరో" అని ఆరా తీయడం మొదలుపెట్టాడు. పంట ఇంటికొచ్చాక, దీపావళి నుంచి హోలీ దాకా, ఈ ఊళ్లలో పగలు పట్, రాత్రి నాటకం. కూతుళ్లు పుట్టింటికొస్తారు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు, కొత్త బట్టలు కడతారు. మేం వెళ్లిన ఊరు ఆర్మోరి వైపు, పెద్ద రోడ్డుకు లోపల ఉంది. ఊరి పేరు రాయను. అక్కడ జరిగినదాంట్లో ఒక మనిషి తలవంపు ఉంది.

ఎండిన వరి మళ్ల గట్లు చదును చేసి, పొడవునా రెండు బాటలు తీశారు. బాటల మధ్య మోకాలెత్తు మట్టిగట్టు. మహారాష్ట్ర 2017 నిబంధనల ప్రకారం బాట వెయ్యి మీటర్లు దాటకూడదు, ఇది అందులో సగం కూడా లేదు. ఒక చివర జెండాలవాళ్లు, ఇంకో చివర గడియారంవాళ్లు. మైకులో ఒకాయన గొంతు ఆగకుండా నడుస్తోంది. జనం రెండు వైపులా కంచె వెనక, కొంతమంది కంచె ముందు కూడా. బాట మొదట్లో చింతచెట్టు కింద పశువైద్యుడి బల్ల. అనుమతి కలెక్టర్ ఇస్తాడు, దానికి ముందు నిర్వాహకులు 50,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి, ఎడ్లకు డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలి, ఒక జతను రోజుకు మూడుసార్ల కన్నా ఎక్కువ పరిగెత్తించకూడదు, అంతా వీడియో తీసి అప్పజెప్పాలి. నా మిత్రుడు ఆ బల్ల దగ్గరే ఉండిపోయాడు. డెక్కల మధ్య వేలు పెట్టి చూడడం, తోక మొదట్లో దెబ్బలున్నాయేమోనని నిమరడం, అంతా ఆయనకు పాత పనే. తోక మెలిపెట్టడం, కొరకడం ఎడ్ల పందేల్లో పాత జబ్బు. "కొరికిన తోక చెయ్యి పెడితే తెలుస్తది. ఎముక మీద గుత్తి లేస్తది" అన్నాడు. ఆ పూట ఒక జతను వెనక్కి పంపారు. యజమాని గొణుక్కుంటూ వెళ్లాడు గాని వాదించలేదు.

బండి తోలేవాణ్ణి ఇక్కడ ధుర్కరీ అంటారు. ధుర్కరీల చేతులు ఖాళీగా ఉన్నాయి. చెర్నాకోల లేదు, ముల్లుగర్ర లేదు. బండి ఎక్కేముందు ఒక వలంటీరు వాళ్ల నడుములు, చొక్కా చేతులు తడిమి పంపుతున్నాడు. నిబంధనల్లో కర్ర, కొరడా, కరెంటు షాక్ పరికరం ఏదీ ఉండకూడదని ఉంది. నేను చూసిన బండలాగుడులో ఎడ్ల పక్కన మనుషులు పరుగెడుతూ అదిలిస్తారు, చెర్నాకోల గాలిలో ఉంటుంది, వీపు మీద పడకుండా చూడమని కమిటీవాళ్లు అరుస్తూ ఉంటారు. ఆ తేడా నాకు బాగా తెలిసింది. ఇంకొక తేడా అంతకన్నా పెద్దది. మా దగ్గర నోరు తెరిచి పళ్లు చూసి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు కదిలిందన్నదే లెక్క. ఒక జత తర్వాత ఇంకో జత. పక్కన ప్రత్యర్థి ఉండడు. అందుకని తోలేవాడి తప్పు తన ఎడ్లతోనే ఆగిపోతుంది. ఇక్కడ పక్కనే ఇంకో జత, ఇంకో మనిషి ప్రాణం, కంచె పక్కన పిల్లలు.

మధ్యాహ్నం దాటాక జరిగింది ఆ సంగతి. ఎడమ బాటలో తెల్లటి జత, కుడి బాటలో పుల్ల జత. జెండా పడగానే రెండూ సమానంగా లేచాయి. సగం దూరంలో తెల్ల జత అర బండి ముందుంది. అప్పుడు ఆ ధుర్కరీ రెండు పగ్గాలూ కుడిచేతిలోకి తీసుకుని, ఎడమచేత్తో దాపటి ఎద్దు పిరుదు మీద చరిచాడు. కర్ర లేదు కదా, చెయ్యి. చరుస్తూ కుడివైపు తిరిగి పక్క బండి ఎంత వెనకుందో చూశాడు. ఒళ్లు తిరగడంతో చేతిలోని పగ్గాల్లో కుడిది బిగిసింది, ఎడమది వదులైంది. ఎడ్లు చెప్పిన మాట విన్నాయి, కుడికి వాలాయి. వలపటి ఎద్దు మట్టిగట్టు ఎక్కింది, చక్రం దానివెంట ఎక్కింది, బండి పక్క బాటలోకి వచ్చింది. పుల్ల జత తోలేవాడు రెండు చేతులతో వెనక్కి ఒరిగి లాగాడు. అతని దాపటి ఎద్దు ముందు మోకాళ్ల మీద కూలబడింది. ఇరుసు చివర పక్క చక్రపు ఆకుకు రాసిన చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినపడింది. తెల్ల జత గీత దాటింది. జనం కేకలు వేశారు, గెలుపనుకుని.

మైకు ఆగింది. డాక్టరూ నా మిత్రుడూ పరుగెత్తారు. పుల్ల ఎద్దు లేచి నిలబడింది, మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. గుడ్డ తడిపి తుడిచి, కాలు మడిచి చాపి చూశారు. ఎముక బాగానే ఉంది గానీ ఈ పట్‌లో ఇక పరిగెత్తకూడదన్నారు.

తీర్పు చెప్పే పంచ్‌లు చింతచెట్టు కిందికొచ్చారు. ముగ్గురు ముసలివాళ్లు, ఒక నడివయసు మాస్టారు, ఒక కుర్రాడు. వీడియో ఫోనులో ఆపి ఆపి చూశారు. తెల్ల జత యజమాని వాదన ఒకటే. కర్ర వాడలేదు, కొట్టలేదు, ఏ నిబంధనా మీరలేదు, ఎద్దు తనంతట తానే వాలింది. మాస్టారు ఫోను అతని ముందు పెట్టి ఒక్కచోట ఆపాడు. రెండు పగ్గాలూ ఒకే చేతిలో ఉన్న చోటు. ఇంకేమీ మాట్లాడలేదు. కాసేపటికి తీర్పు చెప్పారు. ఆ పరుగు లెక్కలోకి రాదు. ఆ ధుర్కరీ ఈ పట్‌లో మళ్లీ పగ్గం పట్టకూడదు. తెల్ల జత మాత్రం ఇంకో మనిషితో రేపు పరిగెత్తవచ్చు. యజమాని ఇంకా ఏదో అనబోతే ఒక ముసలాయన అన్నమాట నా మిత్రుడు అక్కడికక్కడే తెలుగులో చెప్పాడు. "ఎద్దు చెప్పినట్టు చేసింది. దానికెందుకు శిక్ష? చెప్పినవాడిని దింపాం."

అది విన్నాక నాకు ఫ్రాన్స్ గుర్తొచ్చింది. మేం ఈ మళ్లల్లో నిలబడ్డ వారంలోనే, జనవరి చివరి ఆదివారం, పారిస్ పక్కన వాన్సెన్‌లో ప్రీ దమెరిక్ అనే పందెం జరుగుతుంది. 1920 నుంచి ఉన్నది. గుర్రం వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలిక బండి, అందులో తోలేవాడు కూచుంటాడు. వాళ్ల పందెంలో గుర్రం ట్రాట్ అనే నడకతోనే పోవాలి, ఐమూలగా ఉన్న కాళ్లు జతగా పడుతూ. దౌడు అందుకుని మళ్లీ ట్రాట్‌లోకి రాకపోతే పందెంలోంచి తీసేస్తారు. అంటే గుర్రం తన పూర్తి వేగంతో పరిగెత్తడమే అక్కడ తప్పు. ఆ వేగాన్ని అదుపులో పెట్టడమే తోలేవాడి విద్య. ఆస్ట్రేలియాలో ఈ పందేలకు స్టివార్డులుంటారు. నిర్లక్ష్యంగా తోలడం, దుడుకుగా తోలడం, చేతకాకుండా తోలడం, వీటిని వేర్వేరు తప్పులుగా నిబంధనల్లో రాసిపెట్టారు. కొరడా వాడినా పగ్గం చేతికొకటి చొప్పున ఉండాలంటారు. పక్కవాడి దారి ఖాళీ కాకముందే అటు జరిగితే విచారణకు పిలుస్తారు, వీడియో చూపిస్తారు, తోలేవాడి మాట వింటారు, కొన్ని వారాలు లైసెన్సు ఆపుతారు. కారణాలు రాసి బయట పెడతారు. అతనికి అప్పీలు ఉంటుంది. మన మలక్‌పేట రేస్‌కోర్సులో జాకీలకు జరిగే విచారణా ఇలాంటిదే.

మన చట్టం ఇంకో రకంగా నడిచింది. 2011లో కేంద్రం ఎద్దును ప్రదర్శనకు వాడకూడని జంతువుల జాబితాలో చేర్చింది. 2014లో కోర్టు ఆపింది. 2016 జనవరిలో కేంద్రం షరతులతో వదిలితే కోర్టు వారంలోపే స్టే ఇచ్చింది. 2017లో మహారాష్ట్ర సొంత సవరణ తెచ్చింది, క్రూరత్వానికి 5 లక్షల దాకా జరిమానా లేదా 3 ఏళ్ల దాకా జైలు అని రాసింది. 2023 మే 18న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరణలను నిలబెట్టింది. ఈ ప్రయాణమంతా క్రూరత్వం గురించి. అది అవసరమే. ఖాళీ చేతులు, చింతచెట్టు కింద డాక్టరు బల్ల, వెనక్కి పంపిన జత, ఇవన్నీ ఆ చట్టం చలవే. అయితే ఆ మధ్యాహ్నం జరిగింది క్రూరత్వం కాదు. తెల్ల జత తోలిన కుర్రవాడు ఎద్దును హింసించాలనుకోలేదు. పక్కకు చూశాడు, అంతే. దానికి మూడేళ్ల జైలంటే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, చెయ్యకూడదు కూడా. వదిలేస్తే రేపు ఇంకొకడు పక్కకు చూస్తాడు, కంచె ముందు కూచున్న పిల్లవాడి మీదికి చక్రం పోతుంది. పెద్ద శిక్షకూ ఊరుకోవడానికీ నడుమ ఉన్న ఈ జాగాను ఆ చెట్టు కింద అయిదుగురు మనుషులు గంటలోపే పూరించారు. పొద్దుగూకకముందే అందిన చిన్న శిక్ష, ఏళ్ల తర్వాత వస్తుందో రాదో తెలియని పెద్ద శిక్షకన్నా తోలేవాడి చేతిని గట్టిగా పట్టుకుంటుందని నేను నమ్ముతాను.

రాత్రి నాటకానికి కూచున్నాం. డేరా కింద నేల మీద గోతాలు పరిచారు, వెనక కుర్చీలు. పది దాటాక మొదలై తెల్లవార్లూ నడుస్తుంది. ఈ నాటక కంపెనీలకు వడ్సా కేంద్రం. ఈ రంగస్థలం మీద జీవితం గడిపిన గడ్చిరోలి నటుడు పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పక్కన కూచున్న ఇల్లాలు మా భాష విని, తన కూతుర్ని సిరొంచకు ఇచ్చామని, అల్లుడు తెలుగేనని చెప్పింది. లాఖోరీ పప్పు వడలు ఆకులో పెట్టి అందించింది. పట్ ఆగిన ఏళ్లలో కూతురు పండక్కి రావడానికి బద్ధకించేదట. పగలంతా ఏం చూడాలమ్మా అనేదట. మూడో అంకం నడుస్తుండగా డేరా అంచున ఆ మధ్యాహ్నపు కుర్రవాణ్ణి చూశాను. స్నేహితుల మధ్య కూచుని ఉన్నాడు. ఎవరూ అతన్ని వెలివేయలేదు, ఎవరూ వీపు తట్టి ఓదార్చలేదు కూడా. వాళ్లు పెట్టిన వేరుశనక్కాయలు అతనూ వలుచుకుంటున్నాడు. ఆ శిక్ష మనిషి మీద పడలేదు, పగ్గం మీదే పడింది. నాకది చాలా నచ్చింది.

పొద్దున బయల్దేరేముందు మాస్టారి ఇంటికి వెళ్లాం. బెల్లం టీ ఇచ్చారు. నాకున్న అనుమానం అడిగాను. ఇక్కడ దింపినవాడు ఎల్లుండి ఇంకో ఊరి పట్‌లో ఎక్కితే? ఆస్ట్రేలియాలో అయితే లైసెన్సు ఉంటుంది, ఒకచోట ఆపితే అంతటా ఆగిపోతాడు. ఇక్కడ ఊరూరికీ పంచ్‌లు వేరు.

మాస్టారు ఆ మాట ముందే ఆలోచించి ఉన్నాడు. ఫోను తీసి చూపించాడు. చుట్టుపక్కల పట్ కమిటీలవాళ్ల వాట్సాప్ గ్రూపు. మొదట్లో తేదీలు కలవకుండా చూసుకోవడానికి పెట్టుకున్నారట. రాత్రే అందులో ఆ వీడియో ముక్క పెట్టి, కింద నాలుగు ముక్కలు రాశాడు. రెండు పగ్గాలు ఒక చేతిలో, పక్క బాటలోకి పోయాడు, ఈ పట్‌కు ఆపాం, మీరూ చూసి నిర్ణయించండి అని. కుర్రవాడి పేరు రాయలేదు, యజమాని ఊరు మాత్రం రాశాడు. పేరు రాస్తే రేపు పెళ్లి సంబంధాల దగ్గర అడ్డమవుతుందని ఆయన భయం. నా మిత్రుడు ఒప్పుకోలేదు. పేరు లేకపోతే ఎవణ్ణి ఆపుతారని అడిగాడు. ఇద్దరూ మరాఠీలో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒక మాటకు వచ్చారు. వచ్చే ఏడు నుంచి ప్రతి ధుర్కరీకీ ఒక కార్డు ఇవ్వాలి, ఫొటో అంటించి, అన్ని కమిటీల సంతకాలతో. తప్పు జరిగితే ఆ కార్డు వెనక తేదీ వేసి రాయాలి, ఒక సీజన్ గడిస్తే కొట్టెయ్యాలి. ఎద్దుకు సర్టిఫికెట్ అడుగుతున్నప్పుడు తోలేవాడికి ఎందుకు ఉండకూడదన్నది నా మిత్రుడి మాట. మాస్టారు దాన్ని ఓ పాత కాపీ పుస్తకంలో రాసుకున్నాడు.

మేం తిరుగుదారిలో ఆలాపల్లి చేరేలోపు మాస్టారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. గ్రూపులో నాలుగు ఊళ్లు సరేనన్నాయట. ఒక ఊరు మాత్రం కార్డుకు ఒప్పుకున్నా, కొట్టెయ్యడానికి ఒక సీజన్ చాలదు, రెండు కావాలంటోందట.